వంటింటి తూము – వీధి కాలువ
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు సమావేశమైనచోట రోడ్లు, వీధి దీపములు, పన్నుల వసూలు మొదలైన పెద్ద విషయములు ప్రస్తావనకు వచ్చుట వాడుక. నేను ఈనాడు ఎన్నుకొన్న విషయము మిక్కిలి చిన్నది. వంటింటిలో అంట్లు కడుగు సింకు పూడిపోయి నీరు నిలిచినప్పుడు దానిని ఇంటివారే ఎట్లు బాగుచేసికొనవలెను అనునదే ఆ విషయము. “ఇది ఇంటి ఇల్లాండ్రు చూచుకొను పని గదా, దీనికి ప్రసంగమెందుకు?” అని మీలో కొందరికి తోచవచ్చును. ఒకప్పుడు నాకును అట్లే తోచినది. నా అభిప్రాయమును మార్చిన సంఘటనను ముందు మనవి చేసెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట కనుమ పండుగనాడు ఒక గ్రామమునకు వెళ్ళితిని. ఆ ఊరి వార్డు సభ్యురాలి ఇంటిలో పండుగ మూడు దినములును అరిసెలు, గారెలు, జంతికలు వండిరి. బంధువులు పదునైదుగురు వచ్చియుండిరి. మూకుళ్ళు కడిగిన నూనె, గంజి, మిగిలిన పులుసు అన్నియు సింకులోనే పోసిరి. మూడవ నాటికి సింకు నిండి నీరు గట్టుమీదికి పొర్లినది. ఇంటి యజమాని మరుగుదొడ్డి కడుగుటకు తెచ్చిన యాసిడ్‌ను సీసాలో సగము వరకు అందులో పోసెను. నీరు కదలలేదు. పంచాయతీవారు వర్షాకాలమున పంచిన బ్లీచింగ్ పొడి ఇంటిలో ఉన్న సంగతి ఆయనకు గుర్తు వచ్చినది. దానిని గుప్పెడు తీసి ఆ నీటిలోనే వేసెను. ఒక్క నిమిషములో వంటిల్లంతయు ఘాటైన వాయువుతో నిండినది. పొయ్యి దగ్గర కూర్చున్న వృద్ధురాలు, అంటే ఆయన తల్లి, దగ్గుతో ఊపిరాడక క్రింద పడిపోయినది. ఆమెను ఆసుపత్రికి చేర్చిరి. దైవకృపవలన రెండు దినములలో కోలుకొని ఇల్లు చేరినది.

ఆ సాయంకాలము మేము ఆ సింకు గొట్టమును వెంబడించి చూచితిమి. ఇంటి లోపలి గొట్టములో కొంత జిడ్డు ఉన్నమాట నిజమే. కాని అసలు అడ్డు అచట లేదు. ఆ గొట్టము వీధి కాలువలో ముగియుచోట దాని మూతి జానెడు పూడికలో కూరుకొనిపోయియున్నది. వర్షములు వెళ్ళిన తరువాత ఆ కాలువలో ఎవరును పార వేయలేదు. అప్పుడు ఆ సభ్యురాలు నాతో అన్న మాట నేను మరువలేను. “కాలువ తీయించండని గ్రామసభలో నేనే రెండుసార్లు అడిగానండీ. అడిగి ఊరుకున్నాను. అది తిరిగి మా వంటింట్లోకే వస్తుందనుకోలేదు” అని ఆమె అన్నది.

ఈ మాటలోనే నేను చెప్పదలచినదంతయు ఉన్నది. వంటింటి తూము, వీధి కాలువ అనునవి రెండు కావు. అవి ఒకే గొట్టమునకు రెండు కొనలు. ఒక కొన ఇల్లాలి చేతిలోను, రెండవ కొన పంచాయతీ చేతిలోను ఉన్నవి. అడ్డు ఏ కొనలో ఉన్నదో తెలిసికొనకుండ మందు పోయుట, రోగమేదో తెలియకుండ ఔషధము మ్రింగించుట వంటిది.

నాడు కుడితి తొట్టి – నేడు సింకు

మన పెద్దలనాడు వంటింటి నీరు గొట్టములో పోయెడిది కాదు. బియ్యము కడిగిన నీరు, వార్చిన గంజి, మిగిలిన మెతుకులు, కూరగాయల తొక్కలు అన్నియు కుడితి తొట్టిలో చేరి పశువుల కడుపు నింపెడివి. అంట్లు పెరటిలో తోమెడివారు. ఆ నీరు అరటి పాదునకో, కొబ్బరి పాదునకో పారెడిది. పూడిపోవుటకు గొట్టమే లేదు గనుక పూడిక అను మాటయే లేదు.

కాలము మారినది. గ్రామములలో ఇంటింటికి కొళాయి ద్వారా మనిషికి దినమునకు 55 లీటర్ల మంచినీరు అందించు ఉద్దేశముతో జల జీవన్ మిషన్ పథకము 2019 ఆగస్టు 15న ప్రకటింపబడినది. కొళాయి వంటింటిలోనికి వచ్చినది. కొళాయి వెంట సింకు వచ్చినది. ఇల్లాలు నడుము వంచి పెరటిలో అంట్లు తోము శ్రమ తప్పినది. ఇది మిక్కిలి సంతోషింపదగిన మార్పు. అయితే అనేక గృహములలో పశువులు లేవు. కుడితి తొట్టి మూలబడినది. ఒకప్పుడు తొట్టిలో పడిన పదార్థమే ఇప్పుడు రెండంగుళముల గొట్టములో పడుచున్నది. ఆవు అరిగించుకొన్న దానిని గొట్టము అరిగించుకొనలేదు.

గొట్టమును పూడ్చునవి ముఖ్యముగా మూడు. మొదటిది జిడ్డు. నెయ్యి, వనస్పతి, చలికాలపు పామాయిలు వేడిగా ఉన్నంతసేపు నీటివలె జారిపోవును. రెండు మూడు బారలు పోవుసరికి చల్లబడి గొట్టపు గోడకు మైనమువలె అంటుకొనును. బోరు నీటిలో సున్నపు పాలు అధికముగా ఉన్న గ్రామములలో సబ్బు విరిగి తెట్టు కట్టును. ఆ తెట్టు ఈ జిడ్డుతో కలిసి మరింత గట్టిపడును. రెండవది గంజి. చీరకు పెట్టిన గంజి ఎండి ఎట్లు బిగుసుకొనునో మనకు తెలియును. అదే గంజి గొట్టములోని జిడ్డుపై పొరలు పొరలుగా పేరుకొనును. మూడవది పిప్పి. చింతపండు పిప్పి, టీ పొడి, కరివేపాకు, కొబ్బరి పీచు, అంట్లు తోమిన బూడిద ఇందులో చేరును. జిడ్డు జిగురు వంటిది. గంజి అడుసు వంటిది. పిప్పి ఆ గోడలోని ఇటుక వంటిది. ఈ మూడును కలిసినచో గొట్టములో గోడ లేచుటకు ఎంతోకాలము పట్టదు.

సింకు క్రింద ఏమున్నది?

సింకు క్రింద ఒక సీసా ఆకారపు భాగమైనను, వంపు తిరిగిన గొట్టమైనను ఉండును. అమ్మకపుదారులు మొదటి దానిని బాటిల్ ట్రాప్ అందురు. ఆ వంపులో ఎల్లప్పుడు కొంత నీరు నిలిచియుండును. అది దోషము కాదు. ఆ నీరే తలుపువలె పనిచేసి, కాలువలోని దుర్గంధమును, బొద్దింకలను వంటింటిలోనికి రానీయక ఆపును. 1775లో లండన్ నగరమున అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల నిపుణుడు మరుగుదొడ్డికి ఇట్టి వంపు గొట్టమును అమర్చి పేటెంటు పొందెను. ఈనాటికిని ఇంటింటను పనిచేయుచున్నది ఆ సూత్రమే. పిప్పి మొట్టమొదట ఆగునదియు ఈ వంపులోనే.

మన గ్రామములలో అనేక సింకులకు ఈ వంపు ఉండదు. ముడతలు ముడతలుగా ఉండు ప్లాస్టిక్ గొట్టమును సింకునకు తగిలించి, మేస్త్రీలు నానీ ట్రాప్ అని పిలుచు నేలమీది తూములో దాని కొనను వదలుదురు. ఆ ముడతలు మెతుకులను పట్టుకొనును. ఆ గొట్టము పొడవుగా ఉండి మధ్యలో జారి వ్రేలాడినచో అచట మురుగు నిలిచి కుళ్ళును. కనుక దానిని అవసరమైనంతవరకే కోసి, నిటారుగా దిగునట్లు బిగింపవలెను.

అడ్డు ఎచటనున్నదో ముందు చూడుడు

పనికి పూనుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇంటిలో సింకు మాత్రమే నిలిచినదా? అట్లయినచో అడ్డు సింకు క్రిందనే, చేతికందు దూరములో ఉండవచ్చును. సింకు నీరు స్నానపు గది తూములో పైకి వచ్చుచున్నదా? అట్లయినచో అడ్డు ఆ రెండు గొట్టములు కలిసిన తరువాత, ఇంటి వెలుపలి భాగమున ఉన్నది. వీధి కాలువలో గొట్టపు మూతి కనిపించుచున్నదా? కనిపించనిచో ఇంటిలో ఏమి చేసినను ఫలితముండదు. ముందుగా పార పుచ్చుకొని ఆ మూతిని తెరువవలెను. వీధిలోనికి వెళ్ళి చూచివచ్చుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములు వెచ్చించియుండినచో ఆ కనుమనాడు ఆ వృద్ధురాలికి ఆపద కలిగియుండెడిది కాదు.

బాగుచేయు క్రమము

అడ్డు సింకు దగ్గరనే ఉన్నదని తేలినచో ఈ క్రమమున పని సాగింపవలెను. తేలికయైన పని ముందు, కష్టమైనది తరువాత.

మొదట, నిలిచిన నీటిని చెంబుతో తోడి బకెట్‌లో పోయవలెను. జల్లెడ బిళ్ళను తీసి, దాని క్రింద చిక్కుకొన్న పీచును, మెతుకులను చేతితో తీసివేయవలెను. అనేక పర్యాయములు పని ఇంతటితోనే ముగియును.

రెండవది, నీరు మెల్లమెల్లగా దిగుచున్నచో వేడినీటి ప్రయోగము చేయవచ్చును. అరబకెట్ వేడినీటిలో గుప్పెడు చాకలి సోడా కరగించి కొంచెము కొంచెముగా పోసి, పావుగంట ఆగి, మరల వేడినీరు పోయవలెను. సోడా జిడ్డును విరిచి సబ్బువలె మార్చి నీటిలో కలుపును. అయితే గొట్టము పి.వి.సి. అయినచో సలసల కాగుచున్న నీరు పోయరాదు. అది మెత్తబడి అతుకులు వదలును. పొయ్యిమీదినుండి దించి, పొగలు తగ్గిన తరువాత పోయవలెను. సోడాను అల్యూమినియము పాత్రలో కలుపరాదు. ఆ పాత్రను అది తినివేయును. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనుట మంచిది.

వంట సోడా చల్లి దానిపై నిమ్మరసమైనను, వెనిగరైనను పోసినచో అడ్డు కరిగిపోవునని ఒక నమ్మకము వ్యాపించినది. బుసబుస పొంగుట చూచుటకు ముచ్చటగానే ఉండును. కాని ఆ రెండును ఒకదాని బలమును మరియొకటి విరిచివేయును. చివరకు మిగులునది లవణము కలిసిన నీరే. దానివలన హాని లేదు. గట్టిపడిన అడ్డు మాత్రము కదలదు.

మూడవది, ప్లంజరు. కర్రకు బిగించిన రబ్బరు గిన్నెయే ప్లంజరు. ఇది ఇంటింట ఉండదగిన పనిముట్టు. సింకులో నాలుగంగుళముల నీరు ఉంచి, రబ్బరు గిన్నె తూమును పూర్తిగా కప్పునట్లు అమర్చవలెను. సింకు పైభాగమున నీరు పొర్లిపోవుటకు రంధ్రమున్నచో దానిని తడిగుడ్డతో గట్టిగా మూయవలెను. లేనిచో ఒత్తిడియంతయు ఆ రంధ్రమునుండి పోవును. గిన్నె లేవకుండ కర్రను పదునైదు ఇరువది పర్యాయములు క్రిందికి మీదికి వేగముగా కదల్చి, చివర ఒక్కసారిగా పైకి లాగవలెను. అడ్డు కదలుటకు క్రిందికి నొక్కుట ఎంత అవసరమో పైకి లాగుట అంతకంటె అవసరము. నొక్కుటవలన మాత్రమే అడ్డు మరింత బిగియవచ్చును. ముందుకు వెనుకకు ఊగినప్పుడే అది విడిపోవును.

నాలుగవది, ట్రాప్‌ను విప్పుట. క్రింద బకెట్ పెట్టి, సీసా భాగమును చేతితో ఎడమవైపునకు త్రిప్పినచో ఊడివచ్చును. లోపలి మురికిని బకెట్‌లో వంపి, పాత బ్రష్షుతో తోమి, రబ్బరు వాషరు స్థానము తప్పకుండ చూచి తిరిగి బిగింపవలెను. తరువాత నీరు విడిచి, అతుకు దగ్గర పొడిగుడ్డ పెట్టి తడి ఉన్నదా అని పరీక్షింపవలెను. విప్పిన ట్రాప్‌ను అదే సింకులో కడుగబోయి, కాళ్ళమీద నీరు పోసికొన్నవారిని నేనెరుగుదును. దానిని పెరటిలో కడుగుడు.

ఐదవది, తీగ. ట్రాప్ శుభ్రముగా ఉన్నను నీరు పోనిచో అడ్డు గోడలోని గొట్టమున ఉన్నది. పాత సైకిలు బ్రేకు తీగ కొనను చిన్న కొక్కెమువలె వంచి, త్రిప్పుచు లోపలికి పంపవలెను. అడ్డు తగిలినచోట బలముగా పొడువరాదు. త్రిప్పి, పట్టుకొని, వెనుకకు లాగవలెను. దుకాణములలో ఇందులకే చేసిన స్ప్రింగు తీగ దొరకును. వెదురు బద్ద తిన్నని గొట్టమునకు పనికివచ్చును గాని వంపులో విరిగి తానే అడ్డు కాగలదు.

ఈ ఐదు పనులకును గంటకు మించి కాలము పట్టదు. ఇవి స్త్రీలు మాత్రమే చేయవలసిన పనులు అను నియమము ఎచటను లేదు. పొలమున బోదె పూడినచో పార పట్టువారు వంటింట తూము పూడినప్పుడు తీగ పట్టుట చిన్నతనము కాదు.

చేయరాని పనులు

యాసిడ్‌ను, బ్లీచింగ్ పొడిని ఏ కారణముచేతను ఒకచోట కలుపరాదు. ఆ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. అది కండ్లను, ఊపిరితిత్తులను దహించును. తలుపులు మూసిన చిన్న వంటింటిలో అది ప్రాణాపాయకరము. అట్టి పొరపాటు జరిగినచో నీరు పోసి బాగుచేయవలెనని అచటనే నిలువరాదు. అందరును వెంటనే వెలుపలికి వచ్చి, తలుపులు తెరచియుంచి, దగ్గు, ఆయాసము ఉన్నవారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. బ్లీచింగ్ పొడిని పంచునది పంచాయతీయే. కనుక పొట్లముతో బాటు ఈ హెచ్చరికను కూడ ఇంటింటను చెప్పు బాధ్యత మనదే.

తూములు తెరచుటకని అమ్ము ఘాటైన సోడా గుళికలు, అంటే కాస్టిక్ సోడా, మరియొక ప్రమాదము. అవి నీటితో కలిసి మిక్కిలి వేడెక్కి చిమ్మును. అడ్డు కదలనిచో ఆ ద్రవము గొట్టములోనే నిలిచియుండి, తరువాత ట్రాప్ విప్పినవాని చేతులమీద, ముఖముమీద పడును. ఒక మందు పోసి ఫలింపలేదని దానిపై వేరొక మందు పోయుట మరింత తప్పు. ఇట్టి ద్రవములను త్రాగునీటి సీసాలలో పోసి ఉంచరాదు. పసిబిడ్డలున్న ఇంటిలో ఇది మిక్కిలి ముఖ్యము.

పూడకుండ చూచుకొనుట

పూడిక తీయుటకంటె పూడనీయకుండుట సులభము. మూకుడులోని నూనెను వేరొక పాత్రలోనికి వంపి, మిగిలిన జిడ్డును పాత కాగితముతో తుడిచిన తరువాతనే కడుగవలెను. గంజిని, బియ్యపు కడుగును పశువులున్నవారు కుడితిలోను, లేనివారు పొరుగింటి కుడితిలోను పోయవలెను. పొరుగింటికి కుడితి పోయుట మన గ్రామములలో కొత్త మర్యాద కాదు. టీ పొడి, తొక్కలు పెంటగుంటకు పోవలెను. తూముమీద సన్నని రంధ్రముల జల్లెడ ఎల్లప్పుడు ఉండవలెను. దాని వెల స్వల్పము. వారమునకొక దినము వేడినీరు విడుచుట అలవాటు చేసికొనవలెను. కొత్త ఇల్లు కట్టువారు వంటింటి గొట్టమునకు అడుగునకు పావు అంగుళము చొప్పున వాలు ఉండునట్లు మేస్త్రీచేత చేయింపవలెను. మలుపు ఉన్నచోట మూత తీసి చూచుటకు వీలుగా చిన్న చాంబరు కట్టింపవలెను.

గొట్టపు రెండవ కొన

ఇప్పుడు మన కొనకు వచ్చెదము. ఒక కుటుంబమున ఐదుగురు ఉన్నారనుకొందము. మనిషికి 55 లీటర్ల చొప్పున దినమునకు 275 లీటర్ల నీరు ఇంటిలోనికి వచ్చును. అందులో ఐదింట నాలుగు పాళ్ళు మురుగుగా వెలుపలికి పోవునని లెక్కించినచో అది 220 లీటర్లు. 300 గడపల ఊరిలో దినమునకు 66,000 లీటర్లు. కొళాయి వేయించినప్పుడు మనము కొబ్బరికాయ కొట్టితిమి. ఈ 66,000 లీటర్లు ఎచటికి పోవలెనని ఆనాడు ఎందరము ఆలోచించితిమి?

ఆలోచించనిచోట ఆ నీరు తన దారి తాను చూచుకొనును. పొరుగువాని గోడ క్రింద చేరి తగాదా పెట్టును. బడి త్రోవలో మడుగు కట్టును. ఇటువంటి నిలువ మురుగులోనే క్యూలెక్సు జాతి దోమ పెరుగును. బోదకాలు వ్యాధిని మన ప్రాంతములలో వ్యాపింపజేయునది ఈ దోమయే. బోదకాలు క్రిములు దోమ శరీరమున పెరుగునని 1877లో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు కనుగొనెను. మలేరియా క్రిమిని దోమ కడుపులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే. గ్రుడ్డు రెక్కలు వచ్చిన దోమ అగుటకు మన వేడిలో ఎనిమిది పది దినములు చాలును. కనుక వారమునకొకసారి కాలువ కదిలినచో దోమ పుట్టదు. నెలకొకసారి కదలించినచో ఆలోగా దోమలు పుట్టి ఎగిరిపోవును.

మురుగు కాలువల నిర్మాణము, శుభ్రత గ్రామ పంచాయతీ విధులలో చేరియున్నవి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమును, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమును ఈ విషయమున ఒకే మాట చెప్పును. నిధుల మాట కూడ చెప్పవలెను. 2021-22 మొదలు 2025-26 వరకు 15వ ఆర్థిక సంఘము సిఫారసుపై పంచాయతీలకు వచ్చిన నిధులలో నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుధ్యమునకు మాత్రమే ప్రత్యేకింపబడినవి. ఆ సొమ్ము మన ఊరిలో ఎన్ని గజముల కాలువగా మారినదో గ్రామసభలో చదివి వినిపించుట సర్పంచునకు గౌరవము, సభ్యులకు హక్కు.

కాలువయే సర్వమునకు మందు కాదు. పెరడు ఉన్న ఇంటికి ఇంకుడు గుంట మేలు. నిలువు, వెడల్పు, లోతు ఒక్కొక్క మీటరు ఉండునట్లు గుంట త్రవ్వి, అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న రాళ్ళు నింపవలెను. పైభాగమున అడుగు చిల్లులు గల కుండనుంచి, అందులో కొబ్బరి పీచైనను, గడ్డియైనను కూరి, సింకు గొట్టమును ఆ కుండలో వదలవలెను. జిడ్డు, మెతుకులు పీచులో ఆగును. నీరు మాత్రమే గుంటలోనికి దిగును. పదునైదు దినములకొకసారి ఆ పీచును మార్చవలెను. ఈ ఒక్క పని మరచుటవలననే అనేక ఇంకుడు గుంటలు ఏడాది తిరుగకుండనే మూసికొనిపోయినవి. త్రాగునీటి బావికిగాని, బోరుకుగాని పది మీటర్ల లోపున గుంట త్రవ్వరాదు. నల్లరేగడి నేలలో నీరు ఇంకదు. డెల్టా పల్లపు గ్రామములలో కొద్ది లోతుననే ఊట తగులును. అట్టిచోట్ల ఆ నీటిని అరటికి, చేమకు, మెట్టతామరకు పారించుటయే తగిన మార్గము. మరుగుదొడ్డి గొట్టమును మాత్రము ఈ గుంటలోనికిగాని, వీధి కాలువలోనికిగాని ఎన్నటికిని కలుపరాదు.

మనము చేయదగినవి నాలుగు

సభ్యులు తమ తమ వార్డులలో చేయదగిన పనులు నాలుగు మనవి చేసి ముగించెదను.

మొదటిది, ప్రతి సభ్యుడును తన వార్డు కాలువ వెంబడి ఈ చివరనుండి ఆ చివరవరకు ఒకసారి నడచి, ఎన్ని ఇండ్ల గొట్టపు మూతులు పూడికలో ఉన్నవో లెక్క వ్రాసికొనవలెను. ఆ లెక్కతో వచ్చి అడిగినచో “కాలువ తీయించండి” అను వట్టి మాటకంటె బలముండును.

రెండవది, తీసిన పూడికను గట్టుమీద వదలరాదు. ఆ దినముననే బండిలో ఎత్తి ఊరి వెలుపలికి పంపవలెను. గట్టుమీద వదలిన పూడిక మొదటి వానకు తిరిగి కాలువలోనికే చేరును. మనము కూలి మాత్రము రెండుసార్లు చెల్లింతుము.

మూడవది, ఇంటి నిర్మాణమునకు అనుమతి కోరి వచ్చినవారిని “మీ వంటింటి నీరు ఎచటికి పోవును?” అని అడుగవలెను. గొట్టపు మూతి కాలువ అడుగున కాక, నీటిమట్టమునకు జానెడు ఎత్తున ఉండునట్లు చూడవలెను.

నాలుగవది, పారిశుధ్య కార్మికుల విషయము. మన ఇంటి జిడ్డును వారు ఉత్త చేతులతో ఎత్తుట మనకు అవమానము. వారికి తొడుగులు, బూట్లు, పొడుగు పిడి పారలు ఇచ్చిన తరువాతనే పని అడుగవలెను. రక్షణ సామగ్రి లేకుండ మురుగు గొట్టములను, సెప్టిక్ ట్యాంకులను మనుషులచేత శుభ్రము చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. “అయిదు నిమిషములే గదా, దిగు” అని చెప్పిన మాటకు ఎన్నో కుటుంబములు దిక్కులేనివైనవి. ఎవరి సింకును వారు బాగుచేసికొనుట నేర్చుకొన్నచో వారిమీద ఆ భారము కొంత తగ్గును.

నేను మొదట చెప్పిన ఆ గ్రామమునకు మరుసటి సంవత్సరము మరల వెళ్ళితిని. ఆ వార్డు సభ్యురాలి ఇంటి గోడకు ఒక ప్లంజరు వ్రేలాడుచుండెను. వీధిలో ఆమె వార్డు కాలువ అడుగు కనిపించునంత శుభ్రముగా ఉండెను. ప్రతి శుక్రవారము ఉదయము ఆమెయే కాలువ వెంట నడచివచ్చునని ఇరుగుపొరుగువారు చెప్పిరి. అత్తగారు అరుగుమీద కూర్చుండి, “మా కోడలు ముందు వీధిలోకి చూసొచ్చి, ఆ తర్వాత ఇంట్లోకి చూస్తుంది నాయనా” అని నవ్వినది.

మీరును ఇంటికి చేరిన పిదప ముందు మీ గొట్టపు మూతిని చూడుడు. అది తెరచియున్నచో సంతోషము. లేనిచో రేపటి ఉదయము పని అచటనే మొదలగును.